దుకాణం అరుగు మీద మామ్మ

వెల్డా మాడ్రన్‌కి మనవలు పుట్టకముందే, ఇంకా జుట్టు నెరవకముందే, మామ్మ ఉద్యోగం దొరికింది.

టెనెసీ కొండల్లో ఆకులు ఎర్రబడే రోజుల్లో ఉత్తరాది నుంచి జనం కార్లేసుకుని రంగులు చూడ్డానికి వస్తారు. వాళ్ల కోసం లారెల్ గ్యాప్ రోడ్డు మలుపులో ప్రూయిట్ అనే ఫ్లోరిడా ఆయన ఒక దుకాణం పెట్టాడు. తేనె సీసాలు, చెక్క బాతులు, ఎలుగుబంటి బొమ్మలు అమ్ముతాడు. దుకాణం అరుగు మీద ఊగే కుర్చీలో గడ్డి కూరిన ముసలమ్మ బొమ్మనొకదాన్ని కూర్చోబెట్టాడు. చిరుగుల గౌను, బట్ట టోపీ, మొక్కజొన్న కండెతో చేసిన పొగగొట్టం. తాము 'కొండగొర్రెలు' అని వెక్కిరించే కొండజనం ఇలా ఉంటారని ఉత్తరాది వాళ్ల ఊహ. ఊహకి తగ్గ బొమ్మ కనపడితే కారాపి ఫొటో తీసుకుంటారు.

ఒకనాడు వెల్డా యాపిల్ బటర్ సీసాల బుట్ట మోసుకొచ్చింది. యాపిళ్లని రాగి గంగాళంలో పొద్దంతా కలియబెట్టి కాచే ఆ తియ్యటి గుజ్జు ప్రూయిట్ దుకాణంలో బాగా పోతుంది. ఆయన లోపల ఎవరితోనో బేరంలో ఉన్నాడు. వెల్డా అలిసిపోయి బొమ్మ పక్క కుర్చీలో కూలబడింది. ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాదు. బొమ్మతో కబుర్లు మొదలుపెట్టింది.

"ఏటే వదినా, పొద్దున్నుంచి ఇలగే కూకున్నావా? మీ ఇంటాయన అన్నం అడగడేటి? అదృష్టవంతురాలివే తల్లీ. మా ఆయనైతే నాను కూకుంటే సాలు, ఆకలేసేస్తాది."

మిషిగన్ నుంచి వచ్చిన ఒక జంట మెట్ల మీదే ఆగిపోయి పొట్ట పట్టుకుని నవ్వారు. ప్రూయిట్ కిటికీలోంచి అంతా చూశాడు. ఆ సాయంత్రానికల్లా గడ్డిబొమ్మ సామాన్ల గదిలోకి పోయింది.

"ఉద్యోగం నీదే వెల్డా. కాకపోతే జోళ్లు వేసుకోకూడదు. నీ యాస ఇంకాస్త మొరటుగా ఉండాలి. ముందు పన్ను మీద ఈ నల్ల మైనం అంటించుకో, ఊడిపోయినట్టు కనపడాలి," అన్నాడు ప్రూయిట్.

యాసకీ జోళ్లకీ ఆమె వెంటనే ఒప్పుకుంది. పన్ను దగ్గర కాస్త తటపటాయించింది. ఆ చుట్టుపక్కల అంత చక్కటి పలువరస ఇంకెవరికీ లేదు. తొలిచూపులో భర్త క్లేట్ ముందు చూసింది ఆ పళ్లనేనని ఊరంతా ఎరుగు. అయినా కూతురు నెడ్రా నాక్స్‌విల్‌లో కాలేజీకి వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయి ఉంది. రోజూ కొత్త మనుషులు, కొత్త మాటలు. అంతకంటే ఏం కావాలి?

భర్త క్లేట్‌కి మాత్రం ఇది మింగుడుపడలేదు. అతను పెళ్లయిన కొత్తలో ఒహాయోలో కార్ల కార్ఖానాలో పనికి వెళ్లాడు. అక్కడ అద్దె గది కోసం తిరిగితే కొన్ని గుమ్మాల మీద 'దక్షిణాది వాళ్లకి ఇవ్వబడదు' అని రాసి ఉండేది. కార్ఖానాలో తోటివాళ్లు పొద్దున్నే అతని కాళ్ల వంక చూసి, "ఓహో, ఇవాళ కూడా జోళ్లు వేసుకొచ్చాడే!" అని చప్పట్లు కొట్టేవారు. ఏడాది తిరక్కుండా కొండకి తిరిగొచ్చేశాడు. వస్తూ వస్తూ అక్కడి బజార్లో దొరికే అన్నిటికంటే మంచి జోళ్లు కొనుక్కొచ్చాడు. ఈనాటికీ శనివారం పూట వాటికి మెరుగు పెట్టకుండా నిద్రపోడు.

"ఆళ్లు మనల్ని అనీది అదే కదే. నువ్వెల్లి ఉట్టికాళ్లతో కూకుని అవునని సూపిస్తావా?" అన్నాడు.

"నాను ఇంట్లో కూకున్నా అనీవోళ్లు అంటారు. ఎలాగా అనిపించుకుంటాం, నవ్వించి అనిపించుకుంటే నాకు కాలచ్చేపం అవుద్ది."

క్లేట్ జోళ్ల గుడ్డ అందుకుని మెరుగు పెట్టుకోవడం మొదలెట్టాడు, శనివారం కాకపోయినా.

అరుగు మీద వెల్డాకి పండగే పండగ. ఎవరేం అడిగినా మొహం మీద నవ్వు రానీయకుండా జవాబు చెప్పేది.

"మామ్మగారూ, మీరెప్పుడైనా ఈ కొండ దిగారా?" అని ఒకాయన అడిగితే, "ఒకపాలి దిగినాను బాబూ. కింద ఏటీ లేదు, అంతా మీరే ఉన్నారు. మళ్లా ఎక్కీసినాను," అంది.

"బడికి వెళ్లారా?" అని ఇంకొకామె అడిగితే, "ఎల్లినానమ్మా. నానెల్లినరోజు మేస్టారు రాలేదు, మేస్టారొచ్చినరోజు నాను ఎల్లలేదు. ఒకల్ని ఒకలం ఇబ్బంది పెట్టుకోకుండా సదువు అయిపోనాది," అంది.

వచ్చినవాళ్లు నవ్వుతూ పోయేవారు. వెల్డా లోలోపల తమని చూసే నవ్వుకుంటోందన్న సంగతి దారిలో ఎక్కడైనా తట్టేదో లేదో.

ఒకరోజు మాత్రం పెన్సిల్వేనియా నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె వెల్డా పాదాల వంక చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. కారు దగ్గరికి వెళ్లి తన పాత జోళ్లు తెచ్చి, "ఉంచుకో తల్లీ," అని ఒళ్లో పెట్టింది. వెల్డా వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ జోళ్లు ఆమెకి పట్టవు. తిరిగిస్తే ఆ మనిషి నొచ్చుకుంటుంది. "నీ కడుపు సల్లగుండ," అని తీసుకుంది. ఇంటికొచ్చి భర్తకి నవ్వుతూ చెప్పబోయింది గానీ, సగంలోనే నవ్వు ఆగిపోయింది. క్లేట్ మొహంలో అసలే లేదు. మర్నాడు ఆ జోళ్లు తీసుకెళ్లి సామాన్ల గదిలో ఉన్న గడ్డిబొమ్మకి తొడిగేసింది.

తను ఆ దుకాణంలో పనిచేస్తున్నానని కూతురికి చెప్పింది గానీ, ఏం పనో చెప్పలేదు.

నెడ్రాకి నాక్స్‌విల్‌లో మొదటి వారమే దెబ్బ తగిలింది. ఊరు అదే రాష్ట్రంలో ఉన్నా, కొండ యాస అంటే అక్కడా వేళాకోళమే. తరగతిలో ఒక సందేహం అడగడానికి లేచింది. సందేహం ఏమిటో ఎవరికీ పట్టలేదు. పంతులుగారు "ఏదీ, మళ్లీ అను," అన్నాడు. మళ్లీ అంది. తరగతంతా గొల్లున నవ్వింది. "ఇంకొక్కసారి," అన్నాడాయన, తనూ నవ్వుతూ. ఆ రోజు నుంచి నెడ్రా తరగతిలో నోరు తెరవలేదు. గదిలో రేడియో పెట్టుకుని వార్తలు చదివేవాళ్లలాగా మాట్లాడ్డం సాధన చేసింది. పట్టుదల గల పిల్ల. నెల తిరిగేసరికి పట్టుబడింది.

సెలవులకి ఇంటికొచ్చి భోజనాల దగ్గర, "అమ్మా, దయచేసి ఆ మొక్కజొన్న రొట్టె ఇలా అందిస్తారా?" అంది.

క్లేట్ వెనక్కి తిరిగి గుమ్మంలోకి చూశాడు.

"ఎవులో వచ్చినారే వెల్డా. కుర్చీ ఎయ్."

వెల్డా పడీపడీ నవ్వింది. నెడ్రా నవ్వలేదు. రొట్టె సగంలో వదిలేసి లేచిపోయింది. గోడ అవతలి నుంచి కూతురు ఏదో వాక్యాన్ని రేడియో గొంతుతో మళ్లీమళ్లీ చెప్పుకోవడం వెల్డాకి వినిపించింది. ఆ పూట గిన్నెలు తోముతూ ఆమె ఒక్క పాటా పాడలేదు.

అక్టోబరులో కొండంతా నిప్పంటుకున్నట్టు ఎర్రగా ఉన్న ఒక శనివారం. అరుగు ముందు ఒహాయో బండి ఆగింది. కెమెరా మెళ్లో వేసుకున్న పెద్దాయన, ఆయన భార్య, వాళ్ల అమ్మాయి దిగారు. వాళ్ల వెనక నెడ్రా దిగింది.

కాలేజీలో నెడ్రాతో ఒకే గదిలో ఉండే గ్రెచెన్ ఫోగెల్‌ని చూడ్డానికి సిన్సినాటి నుంచి అమ్మా నాన్నా వచ్చారు. రంగులు చూద్దాం, నీ స్నేహితురాల్ని కూడా పిలువు, దారి చూపిస్తుంది అన్నారు. కొండ మీదికి తీసుకెళ్లి, పైనుంచి లోయ చూపించి, ఇంటి వైపు పోకుండా తిరిగి తీసుకెళ్లిపోదామని నెడ్రా ఆలోచన. బొమ్మల దుకాణం కనపడగానే కారాపమంటారని ఆమె అనుకోలేదు. అరుగు మీద కుర్చీలో అమ్మ ఉంటుందని అసలే అనుకోలేదు.

తల్లీకూతుళ్లు ఒకర్నొకరు చూసుకున్నారు. నెడ్రా మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. వెల్డాకి ముందు గుర్తొచ్చింది నల్లబడ్డ పన్ను. తర్వాత ఉట్టి పాదాలు. కాళ్లు గౌను కిందికి లాక్కుంది. ఆ పైన క్షణంలో ఒక నిశ్చయానికొచ్చేసింది. ఈ పిల్లెవరో నాకు తెలీదు. కార్లో వచ్చిన నలుగురిలో ఒకతి. అంతే.

"రండి బాబూ, రండి. ఫొటో తీసుకుంటారేటి?" అంది, కూతురి వైపు చూడకుండా.

"ఎంత బాగుందో చూడండి!" అంది ఫోగెల్ గారి భార్య భర్తతో. "మామ్మగారూ, మీ వాళ్ల గురించి ఏదైనా కథ చెప్పండి. మేం చాలా దూరం నుంచి వచ్చాం."

వెల్డాకి రోజూ చెప్పే కబుర్లన్నీ ఎగిరిపోయాయి. చిన్నప్పటి నుంచి వినీ వినీ నోటికొచ్చిన కథ ఒక్కటే మిగిలింది. తన మేనమామ ఫేట్ పెళ్లి కథ. దుకాణం కోసం దాన్ని కొంచెం మార్చి చెబుతోంది ఈ మధ్య. వచ్చేవాళ్లకి రుచించేలా.

"మాకొక మావయ్య ఉన్నాడు బాబూ, ఫేట్ అని. పెళ్లిరోజు పొద్దున్నే మూడు ముంతలు నాటుసారా తాగీసినాడు..."

ఫోగెల్ నవ్వుతూ కెమెరా ఎత్తాడు. నెడ్రా పెదవి కొరుక్కుంది.

"తాగీసి కంచరగాడిద ఎక్కినాడు. జోళ్లంటే ఏటో తెలీనోడు, ఉట్టికాళ్లే. నడి వాగులో కెల్లీసరికి గాడిద కూకుండిపోనాది, ఈయన దాని మీదే గుర్రెట్టి నిద్రోయినాడు. పెళ్లికూతురేమో సర్చి కాడ సూసి సూసి, తుపాకీ అట్టుకుని వచ్చీసి..."

"అబద్ధం!"

అందరూ తిరిగి చూశారు. నెడ్రా మెట్టెక్కి అరుగు మీదికొచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది. రేడియో గొంతు ఎక్కడికి పోయిందో పోయింది.

"ఏటే అమ్మా ఆ కత! ఫేట్ తాతయ్య జల్మలో సుక్క ముట్టినాడా? సర్చిలో సంగం పెద్ద ఆయన! ఉట్టికాళ్లంటావేటి, కొత్త జోళ్లు తడిసిపోతాయని నెత్తి మీద ఎట్టుకున్నాడు కదేటి! నిద్రోయినాడంటావా? కీర్తన పాడినాడు, గట్టు మీదోళ్లకి ఇనబడాలని గొంతు సించుకుని పాడినాడు! తుపాకేటి, దాని మొకం! ఆ పెళ్లికూతురు ఓసీ మామ్మకి తుపాకీ అట్టుకోవడమే రాదు!"

ఒక్క గుక్కలో అనేసి ఆగింది. అప్పుడు వినబడింది ఆమెకి తన గొంతు. అందరికీ వినబడింది. అందులో దొర్లిన 'అమ్మా' కూడా.

"అమ్మా?" అన్నాడు ఫోగెల్ మెల్లిగా. కెమెరా కిందికి దిగింది.

గ్రెచెన్ మాత్రం చప్పట్లు కొట్టింది. "నువ్వు నిద్రలో మాట్లాడేది ఇదేనా! ఇన్నాళ్లూ ఏ దేశం భాషో అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఎంత బాగుందే! మెలకువగా ఉన్నప్పుడు ఎందుకు మాట్లాడవు?"

నెడ్రా తల్లి వంక చూసింది. వెల్డా కూతురి వంక చూసింది. ముందు ఎవరు మొదలెట్టారో తెలీదు గానీ ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆపుకోబోతే ముక్కుల్లోంచి వచ్చింది. వెల్డా నవ్వుతూనే వేలు పెట్టి మైనం ఊడబీకి అరుగు కిందికి విసిరేసింది. పలువరస మొత్తం బయటపడింది.

"మమ్మల్ని మీరు క్షమించాలి," అన్నాడు ఫోగెల్. మెడదాకా ఎర్రబడ్డాడు. "మేమేదో..."

"ఎందుకు బాబూ? బాగా నవ్వినారు. కాకపోతే తప్పు కతకి నవ్వినారు. సరైన కతకైతే ఇంకా నవ్వొస్తాది. మా ఇల్లు ఆ మలుపు దాటితే వచ్చీస్తాది. బోయినానికి వచ్చీయండి. ఆ గాడిదెక్కినోడి సేతే సెప్పిస్తాను."

గొడవ విని ప్రూయిట్ బయటికొచ్చాడు. "వెల్డా, పన్నేది?"

"ఇదిగో, నోట్లోనే ఉన్నాది," అని ఇకిలించి చూపించి, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

ఇంటికి ఇద్దరూ కాలిబాటన నడిచారు. ఫోగెల్ వాళ్లు కార్లో ముందుకెళ్లి పైనుంచి లోయ చూసి వస్తామన్నారు. ఎండుటాకులు కాళ్ల కింద నలిగాయి.

"నిన్ను సూసి సిగ్గేసినాదమ్మా," అంది నెడ్రా.

"తెలిసినాది."

"తాతయ్యని తాగుబోతోడ్ని సేసేసరికి ఒళ్లు మండిపోనాది. ఒళ్లు మండినాక సిగ్గు ఏటైపోనాదో తెల్దు."

"మరి అన్నం కాడ నువ్వు రేడియోలాగ మాటాడతావుంటే మాకు మండదేటి?" అంది వెల్డా. తర్వాత కొంచెం ఆగి అంది. "ఆ కత మార్చకుండా ఉండాల్సింది నాను. ఆళ్లకి కావాల్సింది ఇచ్చీసి, మనకున్నది పారీసుకున్నాను."

నెడ్రా వంగి తన జోళ్లు విప్పి చేత్తో పట్టుకుని నడిచింది. నేల మెత్తగా ఉంది, ఎండ పడ్డ చోట వెచ్చగా ఉంది.

క్లేట్ సంగతి విని గబగబా మంచి జోళ్లు తొడుక్కున్నాడు. చిక్కుడు గింజలు ఉడికాయి, మొక్కజొన్న రొట్టె కాలింది, పంది మాంసం వేగింది. కబురందుకుని ఎనభయ్యేళ్ల ఫేట్ చేతికర్ర పుచ్చుకుని వచ్చాడు. వెంట ఓసీ మామ్మ. ఒహాయో వాళ్లు గుమ్మంలోకి రాగానే ఫోగెల్ చూపు క్లేట్ కాళ్ల మీద పడింది.

"ఏం జోళ్లండీ! ఎక్కడ కొన్నారు?"

"మీ ఊళ్లోనే," అన్నాడు క్లేట్. ఇన్నేళ్లలో ఒహాయో గురించి అతను మాట్లాడుతూ నవ్వడం వెల్డా చూడ్డం అదే మొదలు.

అసలు కథ ఫేట్ చెప్పాడు. ముందు, కథలో తనకి సారా పోసిన మేనకోడల్ని కర్రతో చిన్నగా ఒక్కటి వేశాడు.

"నడి వాగులో గాడిద కూకున్నాది. నడుం దాకా నీళ్లు. నెత్తి మీద జోళ్లు. అరిస్తే పెళ్లికొడుకు బయపడ్డాడంటారు. అందుకని కీర్తన ఎత్తుకున్నాను. గట్టు మీదోళ్లేమో నాకు సంతోసం పట్టలేక పాడతన్నాననుకున్నారు. ఆళ్లూ కలిసి పాడినారు! ఒక్కడూ తాడు తేడే! నాను కీర్తన అయిపోతే మళ్లా మొదలెట్టడం, ఆళ్లు మళ్లా అందుకోవడం. పాస్టరుగారు సేతులెత్తి దీవించీస్తన్నారు."

ఫోగెల్ బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. ఆయన భార్య రుమాలుతో కళ్లు తుడుచుకుంది.

"అప్పుడు ఇది," అని ఫేట్ భార్య వైపు వేలు చూపించాడు, "తెల్ల గౌను మోకాళ్ల దాకా ఎత్తి, వాగులోకి దిగి, గాడిద సెవట్టుకుని అందులో ఏదో సెప్పినాది. అది టక్కుమని లేచినాది!"

"ఏం చెప్పారు?" అని గ్రెచెన్, ఫోగెల్ ఒకేసారి అడిగారు.

"నాకేటి తెల్సు? అది గాడిదకి సెప్పినాది, నాకు కాదు. అరవయ్యేళ్లయినాది, అడుగుతానే ఉన్నాను."

ఓసీ మామ్మ రొట్టె నములుతూ గోడ మీది గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

ఫోగెల్ ఊరుకోలేక తనూ ఒక కథ చెప్పాడు, వాళ్ల తాతగారి సైకిలు గురించి. చాలాసేపు చెప్పాడు. దానికి ఆఖరేమీ లేదు. "అంతే," అన్నాడు. అందరూ పాపం ఆగి, ఇంకా ఉందేమోనని చూసి, లేదని తెలిశాక దానికీ గట్టిగానే నవ్వారు.

సోమవారం నుంచి నెడ్రా తరగతిలో నోరు తెరిచింది. తన యాసతోనే. మొదట నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడి, ఆగాక ప్రశ్న మళ్లీ మొదటి నుంచి అడిగింది. కొన్నాళ్లకి నవ్వేవాళ్లు తగ్గారు. బొత్తిగా లేకుండా పోలేదు. వాళ్ల పక్కన మాత్రం గ్రెచెన్ కూర్చుని మోచేత్తో పొడిచేది.

వెల్డా మళ్లీ అరుగెక్కలేదు. వాళ్ల ఇంటి దగ్గర రోడ్డు పక్కనే రాగి గంగాళం పెట్టి యాపిల్ బటర్ కాచడం మొదలెట్టింది. వాసనకే కార్లు ఆగేవి. తెడ్డు తిప్పుతూ కథలు చెప్పేది. ఉన్నదున్నట్టు చెప్పడం నేర్చుకుంది. తను పుట్టిన నేల మీద తన మనుషులు చేసినవే నవ్వించడానికి చాలునని ఆమెకి ఇప్పుడు బాగా తెలిసింది. గడ్డిబొమ్మ మళ్లీ ప్రూయిట్ అరుగు మీదికొచ్చింది, పెన్సిల్వేనియా జోళ్లతో సహా. అమ్మకాలు మందగించిన ఒక మధ్యాహ్నం ప్రూయిట్ తనే నడుచుకుంటూ వచ్చాడు, ఆమెని వెనక్కి పిలుద్దామని. గంగాళం దగ్గర జనం మధ్య నిలబడి కథ సాంతం విన్నాడు. వచ్చిన పని మరిచిపోయి, వేడివేడి గుజ్జు రొట్టె మీద రాయించుకు తింటూ వెళ్లిపోయాడు.

కొన్నేళ్లకి గ్రెచెన్ పెళ్లికి వెల్డాని సిన్సినాటి పిలిచారు. నెడ్రా వెంట తీసుకెళ్లింది. క్లేట్ రానన్నాడు గానీ, బస్సు దాకా వచ్చి సామాను ఎక్కించాడు. వారం రోజులుండి తిరిగొచ్చింది వెల్డా. ఆమె పెట్టె దింపకముందే ఇరుగుపొరుగంతా వంటింట్లో చేరిపోయింది.

"ఎలగున్నారే ఆళ్లు?" అన్నాడు క్లేట్.

"మంచోళ్లేనయ్యా, పాపం. కానీ సేమ్యా మీద మాంసం కూర పోసీసుకుంటారు, దాని మీద జున్ను తురిమీసుకుంటారు. పొద్దున్నే పలకరిస్తే బయపడతారు, ఏటి కావాలో అన్నట్టు సూస్తారు. మాటలైతే ముక్కులోంచి, ఇదిగో ఇలగ..." అని ముక్కు రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని, ఫోగెల్ గారి చెల్లెలు అతిథుల్ని భోజనానికి పిలిచే తీరు చేసి చూపించింది.

క్లేట్ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. "ఇంకొకపాలి సెయ్యే," అన్నాడు నేల మీదే కూర్చుని. వెల్డా మళ్లీ ముక్కు పట్టుకుంది.